మూగకోనలో తెల్ల పులిచింత

పగలు ఇంకా సగం మిగిలే ఉంది. అయినా మూగకోన మీద సూర్యుడి జాడ లేదు. ఆకాశాన్ని ఒరుసుకునే నల్లరాతి కొండలు రెండు వైపులా గోడ కట్టి నిలబడగా, వాటి నడుమ బూడిదరంగు మంచు, ఆరిపోతున్న చితి మీది పొగలా, నేలను పట్టుకుని పాకుతోంది. చెట్ల కొమ్మల నుంచి నాచు జడలు జడలుగా వేలాడుతోంది. పిట్ట కూత లేదు. కీచురాయి రొద లేదు. ఎక్కడో లోతున పారే ఏటి చప్పుడు ఒక్కటే, ఎవరో కొంగు నోట కుక్కుకుని ఏడుస్తున్నట్టు వినిపిస్తోంది.

ఆ కోన ముఖద్వారం వైపు ఒక బైరాగి నడిచి వస్తున్నాడు. ఒంటి నిండా విభూతి, మొలకు కాషాయపు చింకి గుడ్డ, దాని మీద బిగించిన తుండుగుడ్డ, చేతిలో వెదురు దండం. ఆ వెదురు బోలులో పదునైన ఖడ్గం దాగి ఉందనీ, ఆ పెట్టుడు జడల కింద ఉన్నది విరజాపురపు యువరాజు శరభదత్తుడి ముఖమనీ దారిలో ఏ ప్రాణీ పోల్చలేదు.

విరజాపురాన్ని ఏలుతున్నది అతని అక్క హైమవతీదేవి. తల్లిదండ్రులు పోయిననాడు పసివాడైన తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకునే కొలువు తీర్చిన రాణి ఆమె. ఉత్తరాన ఇనుపకోటలో కాపురముండే మాంత్రికుడు కాలకంటకుడు రాజ్యాన్ని తనకు అప్పగించమని కబురు పంపినప్పుడు, ఆమె ఆ కబురు తెచ్చినవాడికి భోజనం పెట్టించి, వచ్చిన దారినే పొమ్మంది. ఆ తరువాత ఒకనాడు నిండు కొలువులో ఎవరో సన్యాసి వచ్చి ఆమె పాదాలకు మొక్కాడు. మొక్కుతూనే చిటికెడు తామ్రభస్మం చల్లి, వికటంగా నవ్వి, పొగలో కలిసిపోయాడు.

మర్నాటికి రాణి కాలిగోళ్ళు రాగి అయ్యాయి. తరువాత పాదాలు. తరువాత మోకాళ్ళు. శరభదత్తుడు బయలుదేరిననాటికి ఆమె నడుము దాకా రాగిబొమ్మ. ఎంత తోమినా ఆ రాగి మీద పచ్చటి చిలుము లేస్తూనే ఉంది. ఆ రాగి గుండెను తాకిందంటే ఇక ఆమె లేనట్టే.

"ఒక్కటే మందు యువరాజా," అన్నాడు ఆస్థాన వైద్యుడు కళ్ళు తుడుచుకుంటూ. "తెల్ల పులిచింత. మన దొడ్లలో మొలిచే పులిచింతకు పసుపు పువ్వు. తెల్ల పువ్వు పూసేది మూగకోనలో మాత్రమే అంటారు. నేను చూడలేదు. చూసి తిరిగి వచ్చినవాణ్ణీ చూడలేదు."

ఆ మాట విన్నవెంటనే శరభదత్తుడు గుర్రమెక్కాడు. ఆ గుర్రం నిన్న కొండవాగులో కొట్టుకుపోయింది. ఇప్పుడు కాళ్ళే దిక్కు.

కోన ముఖద్వారం దగ్గర రెండు బండల మధ్య ఇద్దరు భటులు కాపలా ఉన్నారు. వాళ్ళ మెడల్లో కాలకంటకుడి ముద్ర ఉన్న ఇనుప పట్టెలున్నాయి. బైరాగిని చూడగానే పొట్టివాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"ఎక్కడికిరా?"

"లోపలికి నాయనా. ఈ కోనలో బొమ్మలు నిలబడి తపస్సు చేస్తున్నాయట. దర్శనం చేసుకుందామని."

"దర్శనం చేసుకున్నవాళ్ళంతా అక్కడే నిలబడ్డారు," అన్నాడు పొడుగువాడు నవ్వుతూ. "పోనియ్యరా, ఇంకో బొమ్మ తయారవుతుంది."

పొట్టివాడు నవ్వలేదు. "ఏదీ, చెయ్యి చూపించు."

శరభదత్తుడు ఎడమచెయ్యి చాచాడు.

"ఆ చెయ్యి కాదు."

తప్పనిసరై కుడి అరచెయ్యి చాచాడు. భటుడు దాని మీద బొటనవేలితో రుద్ది చూసి, గబుక్కున వెనక్కి గెంతాడు. "బైరాగి చేతికి కత్తి కాయలు ఎక్కడివిరా!"

ఆ మాట పూర్తి కాకముందే వెదురు చీలింది, ఖడ్గం మెరిసింది. పొట్టివాడి బల్లెం రెండు ముక్కలైంది. వాడు మొండికర్రతోనే మీద పడ్డాడు. ఇద్దరూ కలియబడి తడిబండ మీద జారి, అగాధం అంచు దాకా దొర్లారు. శరభదత్తుడి చేతికి ఒక చెట్టువేరు చిక్కింది. భటుడికి ఏదీ చిక్కలేదు. వాడి కేక మంచులో చాలాసేపు దిగుతూ పోయి ఆగిపోయింది.

యువరాజు పైకి ఎగబాకేసరికి పొడుగువాడు కొండచరియ ఎక్కి పారిపోతున్నాడు. మరుక్షణం పైనుంచి కొమ్ము ఊదిన చప్పుడు వినబడింది. ఆ ధ్వని కొండ నుంచి కొండకు తగిలి ఉత్తరంగా సాగిపోయింది.

ఇక దాగి లాభం లేదు. శరభదత్తుడు పెట్టుడు జడలు పీకి పారేసి, కోనలోకి పరుగు తీశాడు.

మంచు విడిపోయిన చోట మొదటి బొమ్మ కనిపించింది. ఎవరో రైతు, నాగలి భుజాన వేసుకుని వెనక్కి తిరిగి చూస్తూ ఉండగా రాగి అయిపోయాడు. అతని వెనక ఒక సైనికుడు, నోరు తెరుచుకుని. ఆ వెనక ఒక పెళ్ళికూతురు, బాసికం కట్టిన నుదుటి మీద చిలుము పేరుకుని. ఇంకా లోపలికి పోయేకొద్దీ వందలు. పరుగెత్తుతున్నవాళ్ళు, చేతులు జోడించినవాళ్ళు, పిల్లను పమిటలో దాచుకున్నవాళ్ళు. తనను కాదన్న ప్రతివాడినీ కాలకంటకుడు మోయించుకొచ్చి ఇక్కడ నిలబెట్టించాడు. వాళ్ళ గడ్డాల నుంచి, వేళ్ళ చివరల నుంచి మంచునీరు పచ్చగా చుక్కలు చుక్కలుగా కారి నేలలో ఇంకుతోంది.

నేలంతా పులిచింతే. మోకాలు మోపడానికి చోటు లేనంత దట్టంగా అల్లుకుంది. కానీ అన్నీ పసుపు పువ్వులే. శరభదత్తుడు వంగి, ఆకులు తప్పించి, ఒక్కొక్క బొమ్మ పాదాల దగ్గర వెతికాడు. చేతులు పచ్చబడ్డాయి, వేళ్ళు చీరుకుపోయాయి. ఎక్కడా తెలుపు లేదు. అక్క తన గుండె మీద చెయ్యి వేసుకుని, రాగి ఎంతవరకు వచ్చిందో తడుముకుంటున్నట్టు కళ్ళకు కట్టింది. అతడు లేచి మళ్ళీ పరుగెత్తాడు.

కోన చివర, ఏటి ఒడ్డున, మిగతా వాళ్ళకు దూరంగా ఒక బొమ్మ ఒంటరిగా నిలబడి ఉంది. విశాలమైన భుజాలు, చేతిలో వేటగాడి విల్లు. వింత ఏమిటంటే ఆ బొమ్మ మీద ఇసుమంత చిలుము లేదు. ఎవరో ప్రతిదినం తోమినట్టు, ఆ చీకటి కోనలో అదొక్కటే దీపంలా మెరుస్తోంది. దాని పాదాల చుట్టూ ముళ్ళకంప. ఆ కంప మధ్య, చాప పరిచినంత మేర, తెల్లటి పువ్వులు.

ముక్కుపుడక రాయంత చిన్న పువ్వులు. పల్చటి రేకుల మీద వంగపండు రంగు ఈనెలు. కింద మూడేసి ఆకులు, ప్రతి ఆకూ నడుమ నొక్కిన గుండెకాయలా. శరభదత్తుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కంప తొలగించి చెయ్యి చాచాడు.

చల్లటి ఇనుము అతని మెడకు తగిలింది.

"ఆకు ముట్టుకున్నావంటే తల తెగుద్ది."

అతడు కదలకుండా కళ్ళు మాత్రమే తిప్పి చూశాడు. కొడవలి పట్టుకుని ఒక ముసలిది. తల ముగ్గుబుట్ట, ఒంటి మీద తోలుముక్కలు కుట్టిన కోక. చెయ్యి మాత్రం వణకడం లేదు.

"అమ్మా, దొంగను కాను. మా అక్క ప్రాణం కోసం వచ్చాను."

"అందరికీ ఎవరో ఒకరు ఉంటారు. నాకూ ఉన్నాడు." ఆమె గడ్డంతో బొమ్మను చూపించింది. "మా మావ. భైరన్న. ఇనుపకోటకి వేటమాంసం మొయ్యనన్నాడని ఆ పాపిష్టోడు బూడిద కొట్టాడు. నా పేరు తిప్పమ్మ. అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది."

శరభదత్తుడు తల ఎత్తి బొమ్మ ముఖంలోకి చూశాడు. చూసి, ఒళ్ళు జలదరించి వెనక్కి పడ్డాడు. ఆ రాగిముఖంలో రెండు కళ్ళు బతికి ఉన్నాయి. తడిగా, నల్లగా, తనవైపే చూస్తున్నాయి.

"మొదటిసారి తెల్లగా పూసినప్పుడు ఉన్న నాలుగాకులూ నలిపి కళ్ళకి రాశాను," అంది తిప్పమ్మ. కొడవలి కాస్త దించింది. "నన్ను చూస్తాడు కదా అని ఆశపడ్డాను. చూస్తన్నాడు. చూసి ఏడుస్తన్నాడు. నోరు కదలదు, చెయ్యి కదలదు. ఒకసారి రెప్ప వేస్తే అవునని, రెండుసార్లు వేస్తే కాదని, మా ఇద్దరికీ అంతే మాటలు."

"ఇంత పెద్ద కోనలో ఇక్కడొక్కచోటే ఎందుకు పూసిందమ్మా?"

"చిలుము నీళ్ళు అందరి కాళ్ళ కిందా కారతన్నాయి. కానీ ఏడ్చేవాళ్ళు ఎవరున్నారు? ఆళ్ళ మనుషులకి ఆళ్ళు ఇక్కడున్నట్టే తెలీదు. నేను ఈయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చిన చోట పసుపు పువ్వు తెల్లబడింది. ఎన్ని వానాకాలాలు పట్టిందో లెక్క మరిచాను. మళ్ళీ నాటితే చస్తంది. నెత్తిన పెట్టుకుని పెంచాను. ఇప్పటికి ఒక మనిషికి సరిపడా అయింది. ఒక్క మనిషికి." ఆమె బొమ్మ పాదాలు తడిమింది. "రేపు పొద్దున్నే కోద్దామని మా మావకి చెప్పాను."

శరభదత్తుడు లేచి నిలబడ్డాడు. కత్తి అతని చేతిలోనే ఉంది. ముసలిది ఒంటరిది. రెండు అడుగులు వేస్తే చాలు. అతడు ఆ కత్తిని నేల మీద పడేసి, ముళ్ళకంపను తీసి యథాస్థానంలో పెట్టాడు.

"ఇది నీ కన్నీటితో పెరిగింది. నీదే. నాకు సెలవియ్యి తల్లీ. ఇంకెక్కడైనా వెతుకుతాను."

"ఇంకెక్కడా లేదు."

"తెలుసు," అన్నాడు శరభదత్తుడు. అంతవరకు బిగపట్టిన ఏడుపు ఆ ఒక్క మాట దగ్గర తెగి బయటపడింది.

 తిప్పమ్మ మొగుడి వైపు తిరిగింది. తిరిగేసరికి భైరన్న రెప్పలు మూసుకుని ఉన్నాయి. తెరుచుకున్నాయి. ఒకే ఒక్కసారి.

"నేనేం అడగలేదు," అంది ఆమె కటువుగా. "అడక్కుండా ఎందుకు మూశావు?"

మళ్ళీ ఒక్కసారి.

"నాకు కనపళ్ళేదు మావా. మంచు." ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. మళ్ళీ చూసినప్పుడు ఆ కళ్ళు ఇంకా ఆమెనే బతిమాలుతున్నాయి. మూడోసారి రెప్ప పడింది. రెప్పల సందు నుంచి నీరు రాగిచెంప మీద చార కట్టింది.

తిప్పమ్మ కొడవలి పారేసి చతికిలబడింది. "సరే. సరేలే. నీ మాట ఎప్పుడు కాదన్నాను?" అని, ముళ్ళకంప లాగి, ఆకులు గిల్లడం మొదలుపెట్టింది. వేళ్ళు వేరు దాకా పోకుండా పసిబిడ్డ వెంట్రుక తీసినట్టు గిల్లుతోంది. "నీ నడుం మీది తుండుగుడ్డ ఇలా పట్టు నాయనా."

ఆమె చివరి ఆకు గిల్లి గుడ్డలో వేసిందో లేదో, కోన మీద పెనునీడ పడింది. చెట్లు గాలికి వంగిపోయాయి. పూరిల్లంత రాబందు ఒకటి రెక్కలు చాచి ఏటి ఒడ్డున దిగింది. దాని మెడ మీద నుంచి కాలకంటకుడు జారి నిలబడ్డాడు. ఎర్రటి కన్నులు, నాభి దాకా జీరాడే గడ్డం, ఒంటి చర్మమంతా రాగిరేకు. ఏ ఆయుధానికీ చావకూడదని తన మేనికి తానే పూసుకున్న పూత అది.

శరభదత్తుడు నేల మీది ఖడ్గం అందుకుని సింహంలా దూకాడు. కత్తి మాంత్రికుడి మెడ మీద పడి ఖంగుమని మోగింది. నిప్పురవ్వలు రాలాయి. రెండో వేటు భుజం మీద, మూడోది గుండె మీద. కాలకంటకుడు కదలనైనా కదలలేదు. ఎడమచేత్తో ఒక్క తోపు తోశాడు. యువరాజు వెళ్ళి పులిచింత మీద పడ్డాడు.

"కొమ్ము విని ఎవరో అనుకున్నాను. విరజాపురపు కుర్రవాడా!" మాంత్రికుడి గొంతు ఖాళీ గంగాళంలో మాట్లాడినట్టుంది. అతని చూపు తెల్ల పువ్వుల మీద పడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "ముసలీ, ఇన్నాళ్ళూ నా కోనలో ఏడుస్తూ ఉన్నావనుకుని ఊరుకున్నాను. ఏడుపుతో ఇది పెంచావా? విను. దాన్ని వేళ్ళతో సహా పెరికి ఏట్లో పారెయ్. నీ మగణ్ణి నేనే మనిషిని చేస్తాను. నా చేతిలో పని అది."

తిప్పమ్మ తల ఎత్తింది. "నిజంగానా?"

"అమ్మా, వాడి మాట నమ్మకు!" అని అరిచాడు శరభదత్తుడు.

"నువ్వూరుకో. నీ అక్క నీకు, నా మావ నాకు." ఆమె గిల్లిన ఆకులో నుంచి పిడికెడు తీసి నోట కుక్కుకుని, కసాబిసా నమిలింది. ఆకలితో అల్లాడేదాని మాదిరి. బుగ్గ నిండా ఆకుతోనే లేచి మాంత్రికుడికి ఎదురుగా నడిచింది. వేలితో మొగుణ్ణి చూపించి, ముందు అతన్ని బతికించమని సైగ చేసింది.

"అలాగే, అలాగే," అన్నాడు కాలకంటకుడు. అతని కుడిచెయ్యి నడుముకు వేలాడే తోలుసంచిలోకి వెళ్ళింది. పిడికిలి నిండా తామ్రభస్మంతో పైకి వచ్చింది. భైరన్న కళ్ళు రెండుసార్లు మూసుకున్నాయి. మళ్ళీ రెండుసార్లు, మళ్ళీ రెండుసార్లు, పిచ్చెత్తినట్టు.

తిప్పమ్మ అతని మణికట్టు మీద ఉమ్మింది.

పుల్లటి పచ్చటి పసరు పడినచోట రాగి బుసబుస పొంగి కరిగింది. కింద మెత్తటి తెల్లటి చర్మం బయటపడింది.

"కొట్టు నాయనా!"

శరభదత్తుడు లేస్తూనే కొట్టాడు. ఆ ఒక్క వేటుకు మాంత్రికుడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపడింది. కాలకంటకుడు వేసిన పొలికేకకు కొండరాళ్ళు దొర్లాయి. అతడు మొండిచెయ్యి పట్టుకుని గిరగిర తిరిగి, నల్లటి పొగై, మంచులో పడి ఉత్తరంగా కొట్టుకుపోయాడు.

కానీ తెగిన పిడికిలి పడింది తిప్పమ్మ పాదాల మీద. పడి, విచ్చుకుంది.

యువరాజు చూస్తుండగానే ఆమె పాదాలు ఎర్రబడి బిగుసుకున్నాయి. అతడు గుడ్డలోని ఆకు దొరకబుచ్చుకుని ఆమె కాళ్ళ మీద పడ్డాడు. ఆమె అతని చెయ్యి ఫెడేలున కొట్టింది.

"తగలెయ్యమాక! పిడికెడు బూడిద పడింది. ఉన్న ఆకంతా పూసినా మోకాలు దాటదు. అటు నీ అక్కా పోద్ది, ఇటు నేనూ పోతా. నన్ను ఎత్తి అటు నిలబెట్టు. మావ చూపు ఎటుంటే అటు. తొందరగా, బరువెక్కిపోతన్నాను."

శరభదత్తుడు ఆమెను రెండు చేతులా ఎత్తాడు. అప్పటికే రాతిస్తంభమంత బరువు. పళ్ళు బిగించి, తూలుతూ, భైరన్నకు ఎదురుగా దించాడు.

"ఇంకాస్త ఎడంగా. ముఖం కనపడాలి... ఆ. చాలు." రాగి నడుము దాటింది. ఆమె చెదిరిన జుట్టు చేత్తో సర్దుకుంది. "మీ అక్క పేరేంది?"

"హైమవతి."

"లేచాక ఆమెకి చెప్పు. మా మావ ఒప్పుకున్నాడని చెప్పు. నేను కాదు, ముందు ఆయనే."

ఇంకేదో చెప్పబోయింది. పెదవులు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి.

కోన మొదట్లో భటుల కేకలు వినిపించాయి. మంచులో కాగడాలు కదులుతున్నాయి. శరభదత్తుడు గుడ్డ విప్పి చూశాడు. ఒక మనిషికి సరిపడా ఉన్న ఆకులో ముసలిది నమిలింది పోగా మిగిలింది ఇదీ. అక్క గుండెకు చాలుతుందో చాలదో. అతడు ఒక్క క్షణం ఆగాడు. తరువాత అందులో నుంచి కొన్ని ఆకులు తీసి, అరచేతిలో నలిపి, తిప్పమ్మ రాగికళ్ళకు మెల్లగా రాశాడు.

రెప్పలు కదిలాయి. తెరుచుకున్నాయి. ఎదురుగా భైరన్న కళ్ళు. ఆ నాలుగు కళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదల్లేదు.

ఈటె ఒకటి వచ్చి అతని చెవి పక్కన చెట్టులో దిగింది. శరభదత్తుడు మిగిలిన ఆకును మూటగట్టి మొలలో దోపుకుని, ఏటి ఒడ్డుకు పరుగెత్తాడు. యజమాని పోయిన రాబందు బెదిరి రెక్కలు కొట్టుకుంటోంది. అతడు దాని తోక మీదుగా ఎగబాకి మెడ ఈకలు గుప్పిట పట్టాడు. భటులు వచ్చి మీద పడేలోగా ఆ మహాపక్షి నేల విడిచి లేచింది. బాణాలు దాని కడుపు కింద నుంచి పోయాయి.

మూగకోన చేటంతై, అరచెయ్యంతై, మంచులో మునిగిపోయింది. యువరాజు దక్షిణాన విరజాపురం వైపు దాని తల తిప్పబోయాడు. తిరగలేదు. ఖడ్గం మొనతో మెడ మీద పొడిచాడు. నెత్తురు చిమ్మింది గాని తల తిరగలేదు. దానికి తెలిసిన దారి ఒక్కటే.

ఎదురుగా, ఉరుములు పొర్లాడే మేఘాల మధ్య, ఇనుపకోట బురుజులు నల్లగా పైకి లేస్తున్నాయి. రాబందు రెక్కలు ముడిచి, వాటి వైపు వాలుగా దిగడం మొదలుపెట్టింది. శరభదత్తుడు ఒక చేత్తో మొలలోని మూటను తడిమి చూసుకుని, రెండో చేత్తో కత్తి బిగించి పట్టాడు.